బడి చరిత్రకు రిజిస్టరు ముందా, పెద్దల జ్ఞాపకాలు ముందా?

పాత బడి చరిత్ర రాయడానికి పూనుకున్న పూర్వ విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: ముందు పాత రికార్డులు వెతకాలా, పెద్దవాళ్లను కలవాలా? రెండూ కావాలన్నది అందరికీ తెలిసిందే కనుక ఆ జవాబుతో తప్పించుకోను. చేతిలో ఉన్న కొద్దిపాటి సెలవు రోజులను మొదట దేనికి కేటాయించాలన్నదే అసలు సందేహం.

జ్ఞాపకాల పక్షాన వాదన గట్టిదే. రిజిస్టరు బీరువాలో మరో ఏడాది ఉంటుందేమో కానీ, ఎనభై దాటిన మాస్టారు ఉంటారన్న భరోసా లేదు. ఎవరిని విడిగా కూర్చోబెట్టేవారు, బెత్తం ఎవరి మీద ఎక్కువగా లేచేది వంటివి కాగితానికి ఎక్కడం అరుదు. ఇంగ్లండులో 1862 నాటి రివైజ్డ్ కోడ్ అనే బడుల గ్రాంటు నిబంధనావళి ప్రధానోపాధ్యాయుల చేత లాగ్ బుక్ (బడి దినచర్య పుస్తకం) రాయించింది కానీ, అందులో సాధారణ అభిప్రాయాలు రాయకూడదని కట్టడి చేసింది. అదే కోడ్ ప్రభుత్వ గ్రాంటును హాజరుకూ పరీక్షా ఫలితాలకూ ముడిపెట్టింది కాబట్టి, ఆనాటి హాజరు అంకెల వెనక డబ్బు లెక్క ఉందని గుర్తుంచుకుని చదవాలి.

అయినా నా మొగ్గు అడ్మిషన్ రిజిస్టరు వైపే, ఎందుకంటే అడగవలసిన ప్రశ్నలు అందులోనే దొరుకుతాయి. వట్టి చేతులతో వెళితే పెద్దలు చెప్పేది దాదాపు ఒక్కటే: అప్పట్లో చదువులు బాగుండేవి, మాస్టార్లంటే భయభక్తులుండేవి. అదే వారు చేరిన ఏటి పుటను నకలు తీసుకెళ్లి పేర్లు వరుసగా చదివితే, హాజరు పిలుపు చెవిన పడ్డట్టు, తరవాతి పేరును వారే అందుకుంటారు. 'వదిలిన కారణం' గడిలో ఒకే నెలలో పదిమంది బడి మానేసినట్టు కనిపిస్తే, అది అంటువ్యాధా, వలసా, పక్కన కొత్త బడి తెరవడమా అన్నది వారు మాత్రమే చెప్పగలరు. ఆ ప్రశ్న వేయాలన్న ఊహ మాత్రం పుట తిప్పినవాడికే వస్తుంది.

వరుస సంఖ్యలను కూడా చూడాలి. దొరికిన మొదటి సంపుటం 412వ సంఖ్యతో మొదలైతే, అంతకుముందు ఒక పుస్తకం ఉండేదనడానికి, బడి అనుకున్నదానికంటే పాతదనడానికి అదే ఆధారం. పుట్టిన తేదీల గడిని మాత్రం అంతగా నమ్మను. జనన నమోదు లేని కాలంలో మాస్టారే వయసుకు సరిపడా ఒక తేదీ వేయడం మామూలు కనుక, సగం తరగతి ఒకే రోజున పుట్టినట్టు కనిపించే పుటలు కూడా ఉంటాయి.

ఈ క్రమానికి మినహాయింపు ఒక్కటే. తొలినాళ్ల వారిలో ఒకరిద్దరే మిగిలి, వారి ఆరోగ్యం కూడా అంతంతమాత్రమైతే రిజిస్టరును పక్కన పెట్టి వెంటనే వెళ్లాలి. రెండో విడత ప్రశ్నలకు ఓపిక ఉంటే అప్పుడు మళ్లీ కూర్చోవచ్చు.

ఇక రజతోత్సవ సంచికలు, గ్రూప్ ఫోటోలు, శిలాఫలకాలు ఉన్నాయి. సంచికలు చాలావరకు ఒకదాన్ని చూసి మరొకటి రాసినవి. ఫలకం మీది తేదీ భవనానిదే తప్ప బడిది కాకపోవచ్చు. ఫోటో వెనక పేర్లు లేకపోతే అదీ పెద్దల దగ్గరకే పోవాలి.

రిజిస్టరును కార్యాలయం దాటించకుండా అక్కడే, ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో, అట్ట నుంచి అట్ట దాకా ఖాళీ పుటలతో సహా ఫోటోలు తీయడం మంచిది. తండ్రి వృత్తి, ఇంటి వివరాలు ఉన్న గడులను అచ్చులో వేయకూడదు. పెద్దల మాటలను వారి అనుమతితోనే, మొదట్లో పేరు, తేదీ, చోటు చెప్పించి రికార్డు చేయాలి. ఆ ఫైలుకు వారి అడ్మిషన్ నంబరునే పేరుగా పెడితే, వారి గొంతునూ రిజిస్టరులోని వారి వరుసనూ తరవాత ఎవరైనా ఇట్టే జతపరచుకోగలరు.