మూడేళ్లు వాడిన రిఫ్రాక్టోమీటర్: సున్నా కుదిరితే చాలదు

చేపలు, కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీటి ట్యాంకులో సాలినిటీ, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో, చూసుకోడానికి మూడేళ్లుగా వాడుతున్నది కంటికి ఆనించి చూసే మామూలు రిఫ్రాక్టోమీటరే. నీరు కాంతిని ఎంత వంచుతుందో చూసి ఉప్పు లెక్క చెబుతుంది. 0 నుంచి 100 పీపీటీ (వెయ్యి పాళ్లలో ఎన్ని పాళ్లు ఉప్పు) స్కేలు, ఏటీసీ (వేడికి తగ్గట్టు అంకెను తనే సర్దుకునే ఏర్పాటు) ఉన్న రకం. కంపెనీ పేరు కూడా లేదు. పనిముట్టు మంచిదే, దానితో వచ్చే కాగితమే కొంప ముంచుతుంది.

డిస్టిల్డ్ వాటర్ వేసి, స్క్రూ తిప్పి, గీతను సున్నా మీదికి తెమ్మంటుంది ఆ కాగితం. అంతటితో వదిలేస్తే తప్పు లెక్కే. చవక రకాల్లో చాలావాటికి స్కేలు గీసింది సముద్రపు నీటికి కాదు, మామూలు ఉప్పు ద్రావణానికి. అసలైన 35 పీపీటీ సముద్రపు నీరు వాటిలో 36.5 దగ్గర కనిపిస్తుంది. ఎక్కువైందనుకుని మంచినీళ్లు కలిపి 35కి దించితే, ట్యాంకులో నిజంగా మిగిలేది 33.5. చేపలు తట్టుకుంటాయి. కోరల్స్‌కి అది మంచిది కాదు.

అందుకే సెట్ చేయాల్సింది 35 దగ్గర. ద్రావణం ఇంట్లోనే చేసుకోవచ్చు: 36.5 గ్రాముల వంట ఉప్పు, 963.5 గ్రాముల డిస్టిల్డ్ వాటర్. ఇది కాంతిని 35 పీపీటీ సముద్రపు నీటిలాగే వంచుతుంది. గ్రాము తేడా చూపే వంటింటి కాటా పనికిరాదు, ఒక్క గ్రాము అటూ ఇటూ అయితే దాదాపు ఒక పీపీటీ పోయినట్టే. 0.1 గ్రాము చూపే చిన్న కాటా కావాలి. సీసా మూత వదులైతే నీళ్లు ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది, రెండు నెలలకోసారి కొత్తది కలుపుకోవాలి.

చూసేటప్పుడు ప్రిజం మీద రెండు మూడు చుక్కలు చాలు. మూత వేశాక లోపల బుడగ కనిపిస్తే ఎత్తి మళ్లీ వేయండి, బుడగ ఉంటే నీలం తెలుపు కలిసే గీత చెదిరిపోతుంది. అర నిమిషం ఆగి చూడాలి.

మన ఎండాకాలంలోనే అసలు చిక్కు. ఈ రకాల్లో ఏటీసీ సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల వరకే. గది 36 డిగ్రీలుంటే దాన్ని నమ్మలేం. ఏటీసీ సాయం లేకపోతే డిగ్రీకి సుమారు అర పీపీటీ తేడా. దీనికి ఉపాయం తేలికే: 35 ద్రావణాన్నీ ట్యాంకు నీటినీ ఒకే గదిలో, ఒకదాని వెంట ఒకటి చూడాలి. వేడి వల్ల వచ్చే తప్పు రెండింటికీ సమానమే కాబట్టి స్క్రూ సర్దగానే పోతుంది.

ఫ్యాన్ పెట్టి చల్లబరిచే ట్యాంకుల్లో నీళ్లు తొందరగా ఆవిరవుతాయి. 100 లీటర్లలో 3 లీటర్లు పోతే 35 కాస్తా 36కి చేరుతుంది. ఉప్పు ఎక్కడికీ పోదు, కాబట్టి టాపప్‌కి ఆర్‌వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. నీటిమట్టం సరిగ్గా ఉండి కూడా 37 చూపిస్తే 100 లీటర్లకి 5.4 లీటర్లు తీసి అంతే ఆర్‌వో నీళ్లు పోయండి, కానీ ఒకేసారి కాదు, రెండు రోజుల్లో.

వాడాక కుళాయి కింద పెట్టి కడగొద్దు. గొట్టంలోకి నీరు దిగితే గీత శాశ్వతంగా మసకబారుతుంది. ఆర్‌వో నీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో ప్రిజం తుడిస్తే చాలు. తుడవకపోతే ఎండిన ఉప్పు తర్వాతి చుక్కలో కరిగి అంకె పెంచేస్తుంది. స్క్రూ నెలకోసారైనా కాస్త జరుగుతుంది, ఈ ధరలో అది మామూలే. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ కంటే ఇది వంద రెట్లు నయం. దాని ముల్లుకి ఒక్క బుడగ అంటుకున్నా అంకె మారిపోతుంది.