కోనసీమకు ముందు ఏది కావాలి: రైలా, వంతెనా?

"అమలాపురానికి రైలెప్పుడొస్తుందండీ?" కోనసీమ గురించి ఏం రాసినా చివరికి అందరూ అడిగేది ఇదే. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునేవాళ్లూ అడుగుతారు, కువైట్ నుంచి సెలవుకొచ్చినవాళ్లూ అడుగుతారు. సఖినేటిపల్లి వైపు వాళ్లు మాత్రం రైలు ఊసెత్తరు. నది అవతల ఉన్న నరసాపురానికి వంతెన ఎప్పుడు కడతారని అడుగుతారు. రెండూ కావలసినవే. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే దేనికి పెట్టాలన్నదే నా ఆలోచన.

అమలాపురం మీదుగా వెళ్లాల్సిన కోటిపల్లి–నరసాపురం రైలు లైను 2000-01లో మంజూరైంది. పొడవు 57 కిలోమీటర్లు. మెట్ట ప్రాంతంలో అయితే ఇదేమంత పెద్ద లైను కాదు. ఇక్కడ గోదావరి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటినీ దాటాలి, అందుకే ఖర్చులో పెద్ద భాగం నదులకే పోతుంది. దానికితోడు భూసేకరణ, రాష్ట్రం వాటా డబ్బు. పాతికేళ్లు ఊరికే గడవలేదు. లైను పూర్తయితే దూరప్రయాణాలు తేలికవుతాయి, సంక్రాంతికి ఊరొచ్చేవాళ్లకి బస్సు చార్జీల మోత తగ్గుతుంది. ఇందులో నాకు అనుమానం లేదు.

అయితే నది దగ్గర ఆగిపోయే రైలు ఎంతవరకు పనికొస్తుందో కోటిపల్లిలో చూశాం. కాకినాడ నుంచి అక్కడిదాకా ఉన్న లైను పట్టాలు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు. మళ్లీ వేసి రైలు నడిపింది 2004లో. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా ఒంటి బోగీ రైలుబస్సు తిరిగేది. కోటిపల్లి రేవుకి ఎదురుగా కనిపించేది ముక్తేశ్వరం, అంటే కోనసీమ గట్టు. రైలు దిగి, రేవుకి నడిచి, పంటు (మనుషుల్నీ వాహనాల్నీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి, అవతల ఆటో పట్టుకోవాలంటే ఎవరెక్కుతారు? జనం బస్సునే నమ్ముకున్నారు.

ఇప్పుడు వంతెన సంగతి. ఎదుర్లంక–యానాం వంతెన 2002లో వచ్చింది. లోక్‌సభ స్పీకర్‌గా ఉండగానే హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూసిన బాలయోగి గారి పేరే దానికి పెట్టారు. అంతకుముందు అమలాపురం నుంచి కాకినాడ వెళ్లాలంటే రేవులో పంటైనా ఎక్కాలి, రావులపాలెం మీదుగా చుట్టైనా తిరగాలి. వంతెన వచ్చాక ముమ్మిడివరం వైపు పిల్లలు పొద్దున్నే బస్సెక్కి కాకినాడలో చదువుకుని రాత్రికి ఇల్లు చేరగలుగుతున్నారు. హాస్టల్ ఖర్చు లేదనేసరికి ఆడపిల్లల్ని పై చదువులకి పంపడానికి ఒప్పుకున్న ఇళ్లు నాకు తెలుసు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఒక్కటే: అర్ధరాత్రి పూట, వరద రోజుల్లో దాటగలమా లేదా? దూరం, చార్జీ, వేగం అన్నీ దాని తర్వాతే. సఖినేటిపల్లి రేవులో నిలబడితే అవతల నరసాపురం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. పంటు మీదికి ముందు కార్లు, ఆటోలు, తర్వాత మోటారు సైకిళ్లు, వాటి సందుల్లో మనుషులు, కొబ్బరి మొక్కలు, పాల క్యాన్లు. పగటిపూట అది బాగానే నడుస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదావరి ఉరకలేస్తుంటే రేవులో పంటు కట్టేయాల్సిందే. 2022 జులైలో మూడో హెచ్చరిక కూడా దాటింది. అలాంటి రోజున నొప్పులు మొదలైన మనిషిని నరసాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే దిండి వెళ్లి, చించినాడ వంతెన దాటి, చుట్టూ తిరిగి రావాలి. చించినాడ వంతెన ఉండబట్టి ఆ దారైనా ఉంది.

రేవుని వేలంపాటలో పాడుకుని పంటు నడిపేవాళ్లని తప్పుపట్టడం లేదు. తరతరాలుగా జనాన్ని దాటించింది వాళ్లే. ఏటిపోటు సమయంలో పంటు నడపడం ఎంత నేర్పుతో కూడిన పనో చూసినవాళ్లకి తెలుసు.

సరుకు సంగతి చూసినా వంతెన వైపే మొగ్గుతాను. కొబ్బరి దింపు అయ్యాక తోట గట్టున రాసి పోస్తారు. లారీ అక్కడికే వస్తుంది, కాయ ఎక్కితే మళ్లీ దింపేది ఉత్తరాదిలో కొన్నవాడి గోదాము దగ్గరే. రైలుకైతే తోటలో ఒకసారి, స్టేషన్లో ఒకసారి, అవతల ఇంకోసారి కూలి పెట్టాలి. రావులపాలేన్నే చూడండి. జొన్నాడ దగ్గర గౌతమి మీద, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీద వంతెనలున్న జాతీయ రహదారి పక్కన ఉండబట్టే అరటి మార్కెట్‌గా అంత ఎదిగింది. అక్కడ రైల్వే స్టేషన్ లేదు.

రైలుతోనే ఎదిగిన ఊరు లేదా అంటే, రాజమండ్రి ఉంది. 1900లో హేవలాక్ వంతెన మీద రైళ్లు తిరగడం మొదలయ్యాక మద్రాసు–కలకత్తా దారిలో గోదావరి దాటే చోటు అదే అయింది. అక్కడ కూడా రైలుకి ముందు వంతెనే కావలసొచ్చింది.

కాలవల్లో పడవ రవాణా మాట కూడా కొందరు ఎత్తుతారు. 2008లో జాతీయ జలమార్గం-4 ప్రకటించారు కూడా. పర్యాటకానికి పనికొస్తుందేమో, రోజువారీ జీవితానికి సరిపోదు.

అందుకని నా ఓటు సఖినేటిపల్లి–నరసాపురం వంతెనకే. దానికి ఇంకో కారణం కూడా ఉంది: నరసాపురంలో రైల్వే స్టేషన్ ఉంది, హైదరాబాదు వైపు రైళ్లు అక్కడే బయల్దేరతాయి. వశిష్ఠ మీద రోడ్డు వంతెన పడిన రోజున మలికిపురం, అంతర్వేది వాళ్లకి రైలు కూడా దగ్గరైనట్టే. అమలాపురం వాళ్లకి ఈ వాదన అంతగా నచ్చదని తెలుసు, వాళ్లకి నరసాపురం దూరమే. వాళ్ల లైను ఆపమని నేననడం లేదు. నరసాపురం వంతెన మాత్రం దాని కోసం ఆగకూడదు.

ఈ రెండిటికన్నా తక్కువ ఖర్చుతో తేలే పని ఇంకొకటుంది. కనకాయలంక లాంటి ఊళ్ల కాజ్‌వేలు వరదొచ్చిన ప్రతిసారీ మునుగుతాయి, జనం పడవలెక్కుతారు. వాటిని ఎత్తు పెంచి కట్టడానికి రైల్వే బోర్డు అనుమతి అక్కర్లేదు.