కావలిలో వేలి చుక్క పరీక్ష: రెండుసార్లు పోయొచ్చినాక

మాది అల్లూరు మండలం, ఇస్కపల్లి దగ్గర వనామీ రొయ్యల చెరువులు. డిసెంబరులో రాత్రుళ్లు చెరువు నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర కాపలా పడుకుంటే నాకు దగ్గూ జ్వరం తప్పవు. ఊళ్లో వైద్యం చేసే ఆయన నా దగ్గు వినగానే అజిత్రోమైసిన్ 500 అనే యాంటీబయాటిక్ మూడు మాత్రల స్ట్రిప్పు చేతిలో పెట్టి, ఒక సూది పొడిచి పంపిస్తాడు. పోయినేడు మూడుసార్లు మింగినా. రెండోసారైతే విరోచనాలు పట్టుకుని రెండు రోజులు చెరువుగట్టు ఎక్కలేకపోయినా.

ఈసారి ఐదు రోజులైనా జ్వరం తగ్గకపోతే మా ఇంటామె గొడవపడి కావలికి తరిమింది. మేడమీద చిన్న క్లినిక్కు. పేరు రాయను, రద్దీ పెరిగితే రేపు నాకే టోకెన్ దొరకదు.

డాక్టరమ్మ ముందు వీపు మీద స్టెత్ పెట్టి రెండు వైపులా విన్నది. వేలికి క్లిప్పు తగిలించి ఆక్సిజన్ చూసింది. నిమిషానికి ఎన్ని ఊపిరులు తీస్తున్నానో గడియారం చూస్తా లెక్కపెట్టింది. ఆ తర్వాత నర్సు వచ్చి ఉంగరపు వేలు పక్కన పొడిచి, వచ్చిన రక్తపు చుక్కని సన్నటి గొట్టంలోకి లాగింది. దాన్ని ఏదో నీళ్లలో కలిపి, టిఫిన్ క్యారియర్ అంత మిషన్లో పెట్టింది. నాలుగు నిమిషాలు. 'సీఆర్పీ 11' అని వచ్చింది.

సీఆర్పీ అంటే ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే లివరు తయారుచేసే ప్రొటీన్ అంట. లీటరు రక్తానికి 20 మిల్లీగ్రాముల లోపుంటే ఇట్టాంటి దగ్గుకి మామూలుగా యాంటీబయాటిక్ అక్కర్లేదు. 100 దాటితే ఇస్తారు. మధ్యలో ఉంటే మనిషిని చూసి, ఒకటి రెండు రోజులు ఆగి తేలుస్తారు. 'అంకె ఒక్కటే చూసి రాయను, మీ ఛాతీ కూడా శుభ్రంగా ఉంది కాబట్టి చెప్తున్నా' అన్నది. రాసింది పారాసిటమాల్ ఒక్కటే. ఊపిరి అందకపోయినా, కళ్లెలో రక్తం పడినా, జ్వరం తగ్గి మళ్లీ తిరగబెట్టినా వెంటనే రమ్మని చీటీ వెనక తెలుగులో రాసిచ్చింది. దగ్గు మాత్రం మూడు వారాల దాకా ఉండొచ్చన్నది. నాకు పదిహేడో రోజున పోయింది.

బండి మీద ఇంటికొస్తా నా మీద నాకే నవ్వొచ్చింది. హేచరీ నుంచి రొయ్య పిల్ల దించుకునే ముందు తెల్లమచ్చ రోగం ఉందేమోనని పీసీఆర్ అనే ల్యాబు పరీక్ష చేయించకుండా ఒక్క రూపాయి ఇయ్యను. తెల్లమచ్చ వైరస్ అని, ఏ యాంటీబయాటిక్ పోసినా చావదని మా గట్టుమీద పిల్లోడిక్కూడా తెలుసు. రొయ్యల్లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కొస్తదని మందు డబ్బా చూస్తేనే భయం. అదే నా గొంతులోకైతే అడగకుండా మూడు మాత్రలు! ఆ స్ట్రిప్పు మీదుండే ఎర్రగీత చీటీ లేకుండా అమ్మకూడదని గుర్తంట. ఇన్నాళ్లూ డిజైన్ అనుకున్నా.

యాంటీబయాటిక్ అసలు రాయరేమో అనుకోబాకండి. సంక్రాంతి తర్వాత మా పాపకి గొంతు వాచి, మెడ కింద బిళ్లలు కట్టి, మింగలేక ఏడిస్తే మళ్లీ పోయినాం. దగ్గు లేదు, జలుబు లేదు. గొంతు లోపల దూదిపుల్లతో రాశారు. పాప నర్సు చెయ్యి కొరికింది, ఆమె ఏమీ అనలేదు పాపం. పరీక్ష పట్టీ మీద రెండో గీత ఐదు నిమిషాల్లోపే పడింది, స్ట్రెప్ అనే బాక్టీరియా అన్నారు. అమోక్సిసిలిన్ పది రోజులు, నొప్పి తగ్గిందని మధ్యలో ఆపొద్దని రెండుసార్లు చెప్పి పంపారు.

ఇక తిట్లు. టోకెన్ తొమ్మిదికి ఇచ్చి పదకొండున్నరకి పిలిచారు. దగ్గేవాళ్లందరికీ కలిపి ఒకటే గది, కిటికీ కూడా తెరవరు. వేలి పరీక్షకి 400 తీసుకున్నారు, చేసినాక గానీ చెప్పలేదు. ఆ అజిత్రోమైసిన్ స్ట్రిప్పు ధర దానిలో సగం కూడా ఉండదు, కూలికి పోయేవాళ్లు ఏది కొంటారు? మా బామ్మర్ది ఒక శనివారం పోతే కిట్లు అయిపోయినాయి, సోమవారం రమ్మన్నారు. పోయేవాళ్లు ముందు ఫోన్ చేసి కిట్లు ఉండాయో లేదో కనుక్కోండి.

ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నా. మా నాయన మాత్రం ఒకటి కూడా ఇయ్యడు. 'అంత దూరం పంపిస్తే సూది కూడా వెయ్యలేదు, ఆమేం డాక్టరురా' అని ఇప్పటికీ అంటానే ఉండాడు.