క్యోటోలో యాభై వేల యెన్లు, షిరకవగోలో ఒక రాత్రి

క్యోటో వెళ్లే తెలుగువాళ్లకు ముందుగా ఒక మాట. 'జపాన్ కుటుంబంతో ఒక పూట' అంటూ ఇంటర్నెట్‌లో అమ్మే ప్యాకేజీల జోలికి పోకండి. మేము మనిషికి 12,500 యెన్ల చొప్పున నలుగురికి 50,000 యెన్లు కట్టాం. మన డబ్బులో ఇరవై తొమ్మిది వేల రూపాయల దాకా అయింది. కిమోనో, టీ వేడుక, ఇంటి భోజనం, ఆ ఇంటివాళ్లతో కబుర్లు అని రాసి ఉంది. ఫొటోలో తెల్లజుట్టు దంపతులు నవ్వుతూ కూర్చున్నారు.

తీరా వెళితే ఇల్లూ లేదు, దంపతులూ లేరు. గియోన్ అనే పాత పేట దగ్గర ఒక భవనం మూడో అంతస్తులో హాలు ఉంది. మాతో కలిపి పదహారు మందిమి. కిమోనోలు కట్టడానికి ఒకే ఒక్క అమ్మాయి, కాలేజీలో చదువుకుంటూ ఖాళీ వేళల్లో పనిచేస్తోందట. ఆమెను ఏమీ అనను, ఊపిరి తీసుకునే తీరిక లేదు పాపం. ఎంతకీ వంతు రాకపోయేసరికి మా అమ్మాయి తనే చుట్టేసుకుంది. ఫొటోలకని వీధిలోకి పంపారు. అక్కడ ఎవరో పెద్దావిడ ఆగి, మా అమ్మాయి మెడ వైపు చూపిస్తూ కంగారుగా చేతులాడించింది. కుడి అంచు పైకి వచ్చిందట. అలా కట్టేది శవానికి. బతికున్నవాళ్లకు, ఆడైనా మగైనా, ఎడమ అంచే పైన ఉండాలి. ఆవిడ పిల్లను గోడవారకు తీసుకెళ్లి, నడుము పట్టీ వదులు చేసి, అంచులు మార్చి, మళ్లీ బిగించి, వంగి నమస్కరించి తన దారిన వెళ్లిపోయింది. ఆ రోజు మాకు జపాన్ సంప్రదాయం నేర్పింది ఆమె ఒక్కతే, అదీ పైసా తీసుకోకుండా.

టీ వేడుక నలభై నిమిషాల్లో చుట్టేశారు. భోజనంతో సహా పద్ధతిగా జరిపితే నాలుగు గంటలు పట్టే వ్యవహారం అది. అతిథుల కోసం కుదించడం అక్కడ మామూలే, దానికి నా అభ్యంతరం లేదు. కానీ ఎదుట కూర్చుని మచ్చా అనే పచ్చటి టీ పొడిని వేడినీళ్లలో కలపడమే ఆ వేడుకకు ప్రాణం. మాకు లోపలెక్కడో కలిపి ట్రేలో తెచ్చిపెట్టారు. ముందు మిఠాయి తినాలని, గిన్నెను ఎడమ అరచేతిలో పెట్టుకుని దాని ముందువైపు పెదవులకు తగలకుండా తిప్పి తాగాలని గోడమీది బొమ్మల అట్ట చూసి తెలుసుకున్నాం.

ఇక 'ఇంటి భోజనం'. అట్టపెట్టెల్లో చల్లారిన అన్నం, వేయించిన చేప. మా అత్తగారు శాకాహారి అని బుక్ చేసేటప్పుడే రాశాను. చేప పక్కకు తీసి మిగతాది తినమన్నారు! అత్తగారు ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే మా ఇంట్లో అసలు ప్రమాదం. బయటికొచ్చి దుకాణంలో అరటిపళ్లు కొనిచ్చాను. మా వారు డబ్బు వెనక్కి అడిగితే కుదరదన్నారు. ఫిర్యాదు రాస్తే, మరోసారి బుక్ చేసినప్పుడు పది శాతం తగ్గిస్తామని కూపన్ పంపారు.

టోక్యో, హకొనే ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి.

కొండల్లోని తకయామా పట్టణం నుంచి షిరకవగో లోయకు బస్సులో యాభై నిమిషాలు. అక్కడి ఒగిమాచి గ్రామం 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కింది. మంచు జారిపోయేలా నిటారుగా వాలిన గడ్డి కప్పులు, మేకులు కొట్టకుండా తాళ్లతో బిగించిన దూలాలు, ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన అటకలు. పగలంతా బస్సుల జనం. నాలుగు దాటాక అందరూ వెళ్లిపోతారు, రాత్రి ఉండేవాళ్లకే ఊరు మిగులుతుంది. అలాంటి ఒక ఇంట్లోనే బస చేశాం. కుటుంబాలు నడిపే ఈ బసలను మిన్‌షుకు అంటారు. రెండు పూటల భోజనంతో మనిషికి 13,200 యెన్లు.

జపాన్‌లో శాకాహారిని ఇబ్బంది పెట్టేది కంటికి కనబడని చేప. సూప్, కూర, సాస్ దాదాపు దేనికైనా మూలం దాషి అనే రసం. ఎక్కువగా ఎండబెట్టి పొగపట్టిన బొనీటో చేప తురుముతో కాస్తారు. 'మాంసం వద్దు' అంటే చాలదు. తెలిసినవారి చేత జపనీస్‌లో రాయించి, చేప దాషి కూడా వద్దని ముందే పంపాను. సముద్రపు నాచు కొంబు, ఎండు పుట్టగొడుగులతో కాస్తానని ఇల్లాలు జవాబిచ్చింది. అంతటితో ఊరుకోకుండా, భోజనాల వేళ ఆ కొంబు ముక్కను పళ్లెంలో తెచ్చి మా అత్తగారికి చూపించింది. నల్లగా, తోలులా గట్టిగా, పైన తెల్లటి పొడితో ఉంది. అత్తగారు వాసన చూసి తలూపాకే గిన్నె అందుకున్నారు.

మాగ్నోలియా చెట్టు ఎండుటాకును చిన్న కుంపటిమీద పెట్టి, అందులో మీసో (పులియబెట్టిన సోయా) ముద్ద, పుట్టగొడుగులు, ఉల్లికాడలు వేశారు. అంచుల్లో బుడగలొస్తుంటే కొద్దికొద్దిగా తీసి అన్నంలో నంజుకోవాలి. ఆకు కమురుతుంది కానీ అంటుకోదు. క్యోటో నుంచి మూతి ముడుచుకుని ఉన్న మా అత్తగారు మూడోసారి అన్నం అడిగారు. మర్నాడు పొద్దున్న ఉమెబొషి అనే ఊరబెట్టిన పండు పెడితే, మన ఉసిరికాయ పచ్చడిలా పుల్లగా, ఉప్పగా ఉందని రెండు తిన్నారు.

ఆ ఇంట్లో ఎవరూ మాకు సంస్కృతి గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినవాళ్లు. కొడుకు నగోయాలో ఉద్యోగం, ఆగస్టులో పితృదేవతల పండుగ ఒబోన్‌కు, కొత్త సంవత్సరానికి వస్తాడు. పొద్దున్నే కుక్కర్ మూత తీయగానే తొలి అన్నం చిన్న ఇత్తడి గిన్నెలో పెట్టి, పూర్వీకుల బౌద్ధ పీఠం ముందుంచి, గంట మోగించి దండం పెట్టింది పెద్దావిడ. నైవేద్యం పెట్టనిదే ముద్ద ముట్టని మా అత్తగారు వెంటనే లేచి నిలబడ్డారు. అదే గదిలో కాస్త పైన జపాన్ సొంత మతమైన షింటో దేవుళ్ల అర. రెండు మతాలూ ఒకే కప్పు కింద, ఎవరికీ పేచీ లేదు.

వాళ్ల అన్నం గిన్నెలు జంటగా ఒకే రకం, భర్తది పెద్దది, భార్యది చిన్నది. మా అమ్మాయి దానిమీద మండిపడింది. ఇంటి ఖర్చుల పుస్తకం ఆవిడ చేతిలోనే ఉందని, ఉద్యోగం చేసిన రోజుల్లో ఆయన జీతమంతా ఇచ్చేసి నెలనెలా చేతిఖర్చు తీసుకునేవాడని ఫోన్ అనువాదంలో తెలిశాక కొంచెం చల్లబడింది. మా వారు మాత్రం మాట మార్చారు.

స్నానానికి అతిథులే ముందు. బయట ఒళ్లంతా రుద్దుకుని కడుక్కున్నాకే తొట్టెలో దిగాలి. మన తర్వాత ఇంటివాళ్లందరూ అవే నీళ్లలో కూర్చుంటారు కాబట్టి సబ్బు నురుగు పడకూడదు, నీళ్లు వదిలేయకూడదు, మూత వేసి రావాలి. రాత్రి ఆ పెద్దాయన పాత ఫొటోలు తీశాడు. ముప్పై, నలభై ఏళ్లకోసారి కప్పు గడ్డి మార్చేటప్పుడు ఊరివాళ్లంతా బదులు పనికి వస్తారు. ఒక ఫొటోలో కప్పంతా మనుషులే, గడ్డి కనబడదు.

లోపాలూ చెప్పాలి. గదుల మధ్య కాగితపు తలుపులే, పక్క గది గురక మనదే. మరుగుదొడ్డి ఉమ్మడి, దానికి వేరే చెప్పులు. నేలమీద పరుపు మోకాళ్ల నొప్పులవాళ్లకు కష్టమే. భోజనం ఆరింటికంటే ఆరింటికే. మా బసలో కార్డు తీసుకోలేదు, నగదు ఉంచుకోండి. పెద్ద పెట్టెలు అక్కడికి మోయకుండా తకయామా హోటల్ నుంచే పార్సిల్ సర్వీసులో తర్వాతి ఊరికి పంపేశాం, పెట్టెకు రెండు వేల యెన్ల పైచిలుకు అయింది. జనవరి, ఫిబ్రవరిల్లో మంచు మీద దీపాలు వెలిగించే రాత్రులకు ముందస్తు బుకింగ్ లేనిదే రానివ్వరు. మా అత్తగారికి చలి పడదని మేము అక్టోబరులో వెళ్లాం. అయినా రాత్రి అదనంగా రెండు దుప్పట్లు అడగాల్సి వచ్చింది. తెచ్చి ఇచ్చారు, బిల్లులో వేయలేదు.