డర్హంలో కాలేజీల చుట్టూ రెండు రోజులు

ముందే చెబుతున్నాను, ఆ గెస్ట్ హౌస్ మీద నాకింకా కోపం తగ్గలేదు. 2024 ఆగస్టులో ఒక్క రాత్రికి 96 పౌండ్లు, అంటే మన పదివేల రూపాయల పైమాట, పోసి తడి సాక్సులతో పడుకున్నాం. అయితే ఆ గది పెట్టిన బాధ లేకపోతే మా అమ్మాయికి కాలేజీ విషయంలో తప్పు సలహా ఇచ్చి ఉండేవాడిని.

అమ్మాయికి ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు వైపు ఏడాది ఎమ్మెస్సీకి సీటు వచ్చింది. ఉండేది న్యూకాసిల్‌లో మేనమామ ఇంట్లో. రోజూ వెళ్లి రావడమే. ఇంట్లో ఉండి చదివే పిల్ల మళ్లీ కాలేజీ ఎంచుకోవడమేమిటని నాకు మొదట బోధపడలేదు. మన దగ్గర కాలేజీ అంటే పాఠాలు చెప్పే చోటు. డర్హంలో పాఠాలు చెప్పేది డిపార్ట్‌మెంట్లు. కాలేజీలు 17 ఉన్నాయి, అవి సగం హాస్టలు, సగం చుట్టరికం. బయట ఉండేవాళ్లు కూడా ఏదో ఒకదానిలో సభ్యులు కావలసిందే. వాళ్లను అక్కడ 'లివర్స్ అవుట్' అంటారు. దరఖాస్తులో మన ఇష్టం రాయవచ్చు గాని కోరిందే దక్కుతుందన్న హామీ లేదు. రాసే ముందు ఒక రాత్రి అక్కడే ఉండి కాలేజీలు చూసి రావాలని నేనూ అమ్మాయీ బయలుదేరాం.

"ఈ కాస్త దూరానికి గది ఎందుకు బావా? రైలెక్కితే పావుగంట" అని మా బావమరిది ఎంతో చెప్పాడు. రాత్రిపూట ఆ ఊరు ఆడపిల్లకు ఎలా ఉంటుందో చూడాలని నేనే పట్టుబట్టాను. ఇప్పుడు వాడి ముందు ఆ మాట ఎత్తను.

వెళ్లడం 21వ నంబరు బస్సులో. అప్పట్లో ఇంగ్లండు అంతటా బస్సు టికెట్టు రెండు పౌండ్లు దాటకూడదని ప్రభుత్వం పరిమితి పెట్టింది, అందుకని ఇద్దరికీ కలిపి నాలుగు. (2025 జనవరి నుంచి దేశమంతటి పరిమితి మూడు పౌండ్లయింది, ఇప్పుడు వెళ్లేవాళ్లు ఆ దారి టికెట్టు ధర చూసుకోండి.) పై అంతస్తులో ముందు సీటు దొరికింది. దారిలో ఏంజెల్ ఆఫ్ ద నార్త్ ఉక్కు విగ్రహం 54 మీటర్ల రెక్కలు చాపుకుని కనిపించింది. ప్రయాణం గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు, హాయిగా సాగింది.

అసలు కథ మధ్యాహ్నం పన్నెండుకు మొదలైంది. సంచులు గెస్ట్ హౌస్‌లో పడేసి తిరుగుదామని వెళ్లాం. తలుపు సందులోంచి ఒకాయన తల మాత్రం బయటపెట్టి, ఆరు గంటలకు ముందు గది ఇవ్వమన్నాడు. సరే, సామాను ఉంచుతారా అంటే అదీ కుదరదన్నాడు. ఒక్క మూల చాలునని అడిగాను. "మా పద్ధతి అది" అని తలుపు వేశాడు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఒక చక్రాల పెట్టె, రెండు భుజాల సంచులు, ఒక గొడుగు. గొడుగు అమ్మాయి చేతిలో, పెట్టె నా చేతిలో.

ఆ అవతారంతోనే కోట చూడడానికి వెళ్లాం. అమ్మాయి మనసు ఎప్పుడో దాని మీద పడింది. 1072లో కట్టడం మొదలుపెట్టిన కోట, ఇప్పుడు 'యూనివర్సిటీ కాలేజీ' అన్న పేరుతో ఆ 17 కాలేజీలలో ఒకటి. విద్యార్థులు నిజంగానే అందులో నివసిస్తారు. ఎదురుగా 1093లో పునాది వేసిన కథీడ్రల్, అంటే పెద్ద చర్చి. చూస్తే నాకూ నోట మాట రాలేదు. కాని రాళ్లు పరచిన ఎత్తుదారిలో పెట్టె చక్రం ఊడిపోయాక నా కళ్లు వేరేగా చూడడం మొదలుపెట్టాయి. "లోపల గది ఉన్నవాళ్లకు ఇది కోట. రోజూ బస్సు దిగి వచ్చేవాళ్లకు గుట్ట" అన్నాను. అమ్మాయి అరగంట మాట్లాడలేదు.

వాన పెరిగింది. బెయిలీ వీధిలో ఒక కాలేజీ గుమ్మంలోకి తలదాచుకోవడానికి దూరాం. లోపల కౌంటరు దగ్గర పెద్దావిడ మమ్మల్ని చూసి, అడగకుండానే సంచులు తీసి బల్ల వెనక పెట్టింది. "లోపలికి వచ్చి ఆరబెట్టుకో, పెట్" అంది అమ్మాయితో. పెంపుడు జంతువును పిలిచినట్టు ఈ పిలుపేమిటని నేను ముఖం మాడ్చుకోబోయాను. ఆ ప్రాంతంలో అది మన 'తల్లీ' వంటి పిలుపట. హీటరు పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చింది. డబ్బు తీయబోతే చెయ్యి ఊపేసింది. గెస్ట్ హౌస్ వాడు 96 పౌండ్లకు ఇవ్వని మూల ఇక్కడ ఊరికే దొరికింది.

అక్కడ కూర్చున్నప్పుడే నాకు తట్టింది. బయటి నుంచి వచ్చే పిల్లకు కాలేజీ అంటే మొదట బ్యాగు పెట్టుకునే చోటు. పదింటికి ఒక క్లాసు, మూడింటికి ఇంకొకటి ఉన్న రోజున మధ్యలో ఎక్కడ కూర్చుంటుంది? తెచ్చుకున్న డబ్బా ఎక్కడ వేడి చేసుకుంటుంది? అప్పటిదాకా మేము రాసుకున్న ప్రశ్నలన్నీ కాలేజీ విందుల గురించి, వాటికి వేసుకునే గౌనుల గురించి. ఆ కాగితం తిప్పి వెనక కొత్తవి రాశాను: లాకరు ఉందా, మైక్రోవేవ్ ఉందా, కామన్ రూము రాత్రి ఎన్నింటిదాకా తీస్తారు, బయట ఉండే పీజీ విద్యార్థులకు ఎవరైనా ప్రత్యేకంగా ఉన్నారా, సభ్యత్వానికి ఎంత కట్టాలి. పెద్దావిడ ఓపికగా ఒక్కొక్కటికీ జవాబు చెప్పింది, తెలియనిది ఫోను చేసి కనుక్కుని మరీ.

మర్నాడు నడిచి చూశాం. కంప్యూటర్ సైన్సు భవనం మౌంట్‌జాయ్ గుట్ట మీద, బిల్ బ్రైసన్ గ్రంథాలయం దాని దిగువన. ఆ వైపు 'హిల్' కాలేజీలు క్లాసుకు దగ్గర. ఉస్టినాఫ్ కాలేజీ పీజీ వాళ్లకు మాత్రమే. ఈడువాళ్లు దొరుకుతారని అమ్మాయికి నచ్చింది కాని అది ఊరికి పడమటివైపు, ఆమె దారికి పూర్తిగా ఎడం. బస్ స్టేషన్ నుంచి క్లాసుకు నడిచే దారి మాత్రం బెయిలీ మీదుగా, 1963 నాటి కింగ్స్‌గేట్ వంతెన దాటి వెళ్తుంది. సెయింట్ కత్‌బర్ట్స్ సొసైటీ ఆ వీధిలోనే ఉంది. 1888లో దాన్ని పెట్టిందే కాలేజీలలో నివసించని విద్యార్థుల కోసం. పేరులో కాలేజీ అనకుండా సొసైటీ అని ఉండడానికి మూలం అదే. ఈ సంగతి చదివి వినిపించాక అమ్మాయి మొదటిసారి నవ్వింది.

మధ్యలో ఊళ్లోనే గది తీసుకుంటే ఎలా ఉంటుందని ఒక అద్దెల ఏజెంటు దగ్గరకూ వెళ్లాం. ఇల్లు చూపకముందే 'నమోదు రుసుము' 120 పౌండ్లన్నాడు. బావమరిదికి ఫోను చేస్తే "ఒక్క పౌండు ఇవ్వకు బావా, 2019 చట్టం వచ్చాక అది చట్టవిరుద్ధం" అన్నాడు. ఇల్లు మన కోసం ఆపి ఉంచడానికి ఒక వారం అద్దె, డిపాజిట్టుగా మామూలుగా అయిదు వారాల అద్దె, అంతకు మించి అడగకూడదట. ఆ మాట చెప్పగానే ఏజెంటుకు వేరే పని గుర్తొచ్చింది.

గది సంగతి చెప్పనే లేదు. ఆరింటికి వెళ్తే తాళంచెవి ఉంచిన పెట్టె తెరిచే అంకెలు పనిచేయలేదు, నలభై నిమిషాలు గుమ్మంలో నిలబడ్డాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వేసవి కాబట్టి హీటరు వేయరట. ఇద్దరికి ఒకే తువ్వాలు. చేర్చి ఉందన్న ఉదయం ఫలహారం రెండు అరటిపళ్లు, ఒక అట్టపెట్టెలో మక్క అటుకులు, పాలు లేవు. వాళ్లావిడ ప్యాక్ చేసి ఇచ్చిందని బావమరిది బలవంతంగా సంచిలో పెట్టిన పులిహోరే మమ్మల్ని కాపాడింది. దాన్ని చల్లగానే తిన్నాం.

అమ్మాయి దరఖాస్తులో సెయింట్ కత్‌బర్ట్స్ రాసింది. కోట అడుగుదామా అని చివరి నిమిషంలో కూడా ఒకసారి నా వైపు చూసింది, నేను చక్రం ఊడిన పెట్టె వైపు చూశాను.

న్యూకాసిల్ చేరిన రాత్రే గెస్ట్ హౌస్ నుంచి మెయిల్ వచ్చింది. గదిలో ఒక తువ్వాలు తగ్గిందట, ఎనిమిది పౌండ్లు పంపాలట. ఇచ్చిందే ఒకటి, అది తలుపుకు ఆరేసి వచ్చాం.