బోర్డు మీద నిలిచిన పెడళ్లు: కొన్నేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

గిటార్ ధ్వనిని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలైన ఎఫెక్ట్ పెడళ్ల మీద వచ్చే సమీక్షల్లో చాలా భాగం పెట్టె విప్పిన వారంలోపే రాసినవి. ఆ వారంలో గిటార్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య ఆ పెడల్ ఒక్కటే ఉంటుంది, వాయించేవారు గదిలో ఒంటరిగా ఉంటారు, చెవికి కొత్తదనం తీరి ఉండదు. అదే పెడల్ మరో ఐదారింటి నడుమ, పొడవాటి కేబుళ్ల మధ్య, పక్కన డ్రమ్స్, బేస్ గిటార్ మోగుతుండగా ఎలా నడుచుకుంటుందో తెలియాలంటే కొన్నేళ్లు వాడాలి. సింగిల్ కాయిల్ పికప్‌లున్న ఒకే గిటార్‌ను, క్లీన్ టోన్‌కు, అంటే ధ్వని పగలకుండా, సర్దిన ఒకే వాల్వ్ యాంప్లిఫయర్‌ను మార్చకుండా ఉంచి, వాటి మధ్య పెడళ్లను మారుస్తూ వచ్చిన అనుభవం నుంచి ఈ సమీక్ష రాస్తున్నాను. పెడల్‌ను దాని సొంత నాదాన్ని బట్టి కాక, దానికి ముందూ వెనకా ఉన్నవాటితో అది కలిసే తీరును బట్టి ఎంచుకోవాలన్నది నా తీర్పు. కింద చెప్పే మంచి చెడులన్నీ ఆ కొలతతో చూసినవే.

ముందుగా పోల్చే పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే అది సరిగా లేకపోతే ఆ తర్వాత వినేదంతా భ్రమే. రెండు ఓవర్‌డ్రైవ్‌లను (ధ్వనిని కొద్దిగా పగలగొట్టే పెడళ్లను) పక్కపక్కన పెట్టి వింటున్నప్పుడు కాస్త బిగ్గరగా మోగేదే మేలైనదిగా చెవికి తోస్తుంది. అందువల్ల ప్రతి పెడల్‌నూ ఆన్ చేసినా ఆపినా శబ్దం ఒకే స్థాయిలో ఉండేలా లెవెల్ నాబ్‌ను సర్దిన తర్వాతే పోలిక మొదలుపెడతాను. ఒక లూపర్‌ను వరుసలో అన్నిటికంటే ముందు పెట్టి, అందులో చిన్న రిఫ్‌ను రికార్డు చేసి, అది తిరుగుతుండగా రెండు చేతులతో నాబ్‌లు తిప్పుకోవడం మరో ఉపాయం. వాయించే చేతి బలం మారదు కాబట్టి మారేది పెడల్ మాత్రమే. అయితే ఈ ఉపాయం ఫజ్ పెడళ్లకు, అంటే ధ్వనిని పూర్తిగా గరుకుగా మార్చేవాటికి, పనికిరాదు. పికప్ నుంచి నేరుగా వచ్చే సంకేతానికీ లూపర్ నుంచి బఫర్ (పికప్ మీద భారం పడకుండా సంకేతాన్ని అందుకుని ముందుకు పంపే చిన్న సర్క్యూట్) దాటి వచ్చే సంకేతానికీ ఫజ్ ఇచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

ఓవర్‌డ్రైవ్‌లలో ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ టీఎస్9, బాస్ ఎస్‌డీ-1 రెండూ నా బోర్డు (పెడళ్లను అమర్చుకునే పలక) మీద చాలాకాలం ఉన్నాయి. రెండింటి సర్క్యూట్లూ దాయాదులే. రెండింటిలోనూ అలల శిఖరాలను నలిపే డయోడ్లు ఆప్ ఆంప్ (సంకేతాన్ని పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్ మార్గంలో ఉంటాయి కనుక శబ్దం మెత్తగా నలుగుతుంది, మీటిన క్షణపు పదును కొంత మిగులుతుంది. తేడా ఏమిటంటే టీఎస్9లో డయోడ్లు రెండు దిశల్లోనూ సమానంగా ఉంటాయి, ఎస్‌డీ-1లో ఒక దిశలో రెండు, మరో దిశలో ఒకటి ఉంటాయి. ఈ అసమానత వల్ల ఎస్‌డీ-1లో స్వరం కొంచెం గరుకుగా, విప్పుకున్నట్టుగా వినిపిస్తుంది. ట్యూబ్ స్క్రీమర్ అసలు గుణం 720 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంది. అక్కడికి దిగువనున్న బేస్‌ను అది తక్కువగా పెంచుతుంది, ఎగువనున్న ట్రెబుల్‌ను మెత్తబరుస్తుంది, మధ్యభాగాన్ని ముందుకు తోస్తుంది. గదిలో ఒంటరిగా వాయిస్తే ఇది ముక్కుతో పాడినట్టు, సన్నగా ఉంటుంది. మొదటి వారపు సమీక్షల్లో దీని మీద వచ్చే ఫిర్యాదు ఇదే, ఆ ఫిర్యాదు నిజమే కూడా. అయితే బేస్ గిటార్, డ్రమ్స్ కలిసి మోగేటప్పుడు బేస్ తగ్గడం వల్ల గందరగోళం తగ్గుతుంది, మిడ్ పెరగడం వల్ల గిటార్ ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది. గదిలో లోపంగా కనిపించినది వేదిక మీద గుణంగా మారడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

టీఎస్9ను దాని పూర్వరూపమైన టీఎస్808తో పోల్చి జరిగే వాదోపవాదాలకు అంతుండదు. సర్క్యూట్ పరంగా రెండింటి మధ్య ముఖ్యమైన తేడా అవుట్‌పుట్ దగ్గరున్న రెండు రెసిస్టర్ల విలువలే. లెవెల్ సమానం చేసి వింటే నాకు వాటి మధ్య తేడా, టోన్ నాబ్‌ను వెంట్రుకవాసి కదిపితే వచ్చే తేడా కంటే ఎక్కువగా వినిపించలేదు. ఆప్ ఆంప్ మీద ముద్రించిన 4558 అంకెను భక్తితో చూసేవారికి ఈ మాట రుచించకపోవచ్చు.

వాడకంలో ఈ ఓవర్‌డ్రైవ్‌లకు రెండు వేర్వేరు పనులున్నాయి. క్లీన్‌గా ఉన్న యాంప్లిఫయర్ ముందు డ్రైవ్ ఎక్కువగా పెట్టి వాడితే ధ్వని మొత్తం పెడల్‌దే అవుతుంది, అప్పుడు ఎస్‌డీ-1 నాకు మేలనిపిస్తుంది. యాంప్లిఫయర్ ధ్వని స్వయంగా పగిలే స్థాయిలో ఉన్నప్పుడు డ్రైవ్‌ను దాదాపు సున్నాకు తెచ్చి, లెవెల్‌ను పెంచి, దాన్ని ముందుకు నెట్టడానికి మాత్రమే వాడితే ట్యూబ్ స్క్రీమర్‌కు సాటి లేదు. మీ యాంప్లిఫయర్ ఏ స్థితిలో ఉంటుందో చెప్పకుండా ఏ ఓవర్‌డ్రైవ్ కొనాలని అడిగితే, ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పలేను.

గాఢమైన డిస్టార్షన్ కోసం ప్రోకో ర్యాట్‌ను, ఎలక్ట్రో హార్మోనిక్స్ బిగ్ మఫ్‌ను మార్చి మార్చి వాడాను. ర్యాట్‌లో డయోడ్లు సంకేతాన్ని సర్క్యూట్ గ్రౌండ్‌కు మళ్లించే చోట ఉండటం వల్ల అలల శిఖరాలు కఠినంగా తెగుతాయి. దాని పాత నమూనాల్లోని ఎల్‌ఎం308 ఆప్ ఆంప్ మందకొడిది కావడం వల్ల పై పౌనఃపున్యాలు కొంత అరిగి, ఆ కాఠిన్యం భరించదగినదిగా మారుతుంది. ఫిల్టర్ అనే నాబ్ మామూలు టోన్ నాబ్‌కు తలకిందులుగా పనిచేస్తుందని, అంటే కుడివైపు తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుందని కొత్తవారు గుర్తుంచుకోవాలి. డిస్టార్షన్ నాబ్ తక్కువలో ఉన్నప్పుడు ఇది ఓవర్‌డ్రైవ్‌గా, పూర్తిగా తిప్పినప్పుడు ఫజ్‌గా పనికొస్తుంది. బోర్డు మీద ఒకే ఒక డ్రైవ్ పెడల్‌కు చోటుంటే నేను దీన్నే ఉంచుతాను.

బిగ్ మఫ్ సంగతి వేరు. ఒంటరిగా వింటే దానంత నిండైన ధ్వని మరొకటి ఉండదు. తీగను మీటి వదిలేస్తే స్వరం ఎంతసేపటికీ ఆరదు. కానీ దాని టోన్ సర్క్యూట్ అమరిక వల్ల 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పెద్ద గుంట పడుతుంది. గిటార్ తన ఉనికిని చాటుకోవలసిన చోటు సరిగ్గా అదే కాబట్టి, తక్కిన వాద్యాలు మొదలవగానే ఆ నిండుదనం మాయమవుతుంది. వాల్యూమ్ పెంచితే బేస్, ట్రెబుల్ పెరుగుతాయి తప్ప గిటార్ బయటికి రాదు. దీనికి నేను కనుగొన్న మందు, మఫ్ తర్వాత ట్యూబ్ స్క్రీమర్‌ను తక్కువ డ్రైవ్‌తో వేయడం. ఒకటి తవ్విన గుంటను రెండోది పూడుస్తుంది. ఇలా జంటగా వాడినప్పుడు రెండింటికీ విడివిడిగా ఉన్న లోపాలు తగ్గిపోతాయి. అయితే ఒక ధ్వని కోసం రెండు పెడళ్లు, రెండు ఫుట్‌స్విచ్‌లు ఖర్చవుతాయన్నది నిజం.

1966లో మొదలైన ఫజ్ ఫేస్ తరహా జర్మేనియం ఫజ్ ఈ వరుసలో అందరికంటే మొండిది. రెండే ట్రాన్సిస్టర్లతో నడిచే ఆ సర్క్యూట్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సంకేతానికి అది చూపే నిరోధం) చాలా తక్కువ. గిటార్ పికప్, వాల్యూమ్ నాబ్ రెండూ ఆ సర్క్యూట్‌లో భాగమైపోతాయి. అందుకే గిటార్ వాల్యూమ్‌ను కొద్దిగా తగ్గించగానే ఫజ్ కరిగి, గంటలాంటి మెరుపుతో క్లీన్ టోన్ వస్తుంది. మధ్యలో బఫర్ ఉన్న పెడల్ ఒక్కటి చొరబడినా ఈ బంధం తెగిపోతుంది, మిగిలేది గీరుతున్నట్టు వినిపించే ధ్వని. బఫర్ ఉన్న ట్యూనర్‌ను అన్నిటికంటే ముందు పెట్టే అలవాటున్నవారు ఈ ఫజ్‌ను కొని, బాగాలేదని అమ్మేసుకుంటూ ఉంటారు. జర్మేనియం ట్రాన్సిస్టర్ల స్వభావం ఉష్ణోగ్రతతో మారుతుంది కాబట్టి ఎండలోనూ చల్లటి గదిలోనూ ఒకే సెట్టింగ్ ఒకేలా మోగదు. నాకు ఈ ధ్వని ఇష్టమే అయినా, వేదిక బోర్డు మీద సిలికాన్ రకాన్నే ఉంచాను.

బఫర్ ప్రస్తావన వచ్చింది కనుక ట్రూ బైపాస్, అంటే పెడల్‌ను ఆపినప్పుడు సంకేతం దాని సర్క్యూట్‌ను తాకకుండా నేరుగా దాటిపోయే అమరిక, గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆ మాటను పెట్టె మీద చూసి నాణ్యతకు గుర్తుగా భావించడం సరికాదు. సాధారణ గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. గిటార్ నుంచి బోర్డుకు 6 మీటర్లు, బోర్డు నుంచి యాంప్లిఫయర్‌కు మరో 6 మీటర్లు, మధ్యలో ప్యాచ్ కేబుళ్లు కలిపితే 1200 పికోఫారడ్లు దాటుతుంది. పెడళ్లన్నీ ట్రూ బైపాస్ అయితే, అన్నిటినీ ఆపినప్పుడు పికప్ ఈ బరువంతా ఒంటరిగా మోయాలి, ఫలితంగా ట్రెబుల్ మందగిస్తుంది. ఏదో ఒక పెడల్‌ను ఆన్ చేయగానే మెరుపు తిరిగి వస్తుంది, దాన్ని ఆ పెడల్ గొప్పతనంగా పొరబడే అవకాశం ఉంది. బాస్ కంపెనీ పెడళ్లలో సాధారణంగా ఉండే బఫర్, 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌తో సంకేతాన్ని అందుకుని దాదాపు 1 కిలో ఓమ్ అవుట్‌పుట్‌తో పంపిస్తుంది కాబట్టి ఆ తర్వాతి కేబుల్ పొడవు పెద్దగా బాధించదు. నా వరుసలో మొదట ఫజ్, దాని వెనకే బఫర్ ఉన్న ట్యూనర్, ఆపై మిగిలినవి ఉన్నాయి. ఈ అమరిక కుదిరాక కేబుళ్ల బ్రాండ్ల మీద చర్చించవలసిన అవసరం నాకు రాలేదు.

స్వరాన్ని అలలా ఊగించే మాడ్యులేషన్ పెడళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90కి ఒకే నాబ్ ఉంది, చీకటి వేదిక మీద అది వరమే. కోరస్‌ను తక్కువగా వాడతాను. రివర్బ్‌కు యాంప్లిఫయర్‌లోని స్ప్రింగ్ చాలు.

ప్రతిధ్వనులనిచ్చే డిలే విషయంలో మాత్రం నిదానించాలి. ఎంఎక్స్ఆర్ కార్బన్ కాపీని, బాస్ డీడీ-3ను పోల్చినప్పుడు అనలాగ్ వెచ్చగా, డిజిటల్ చల్లగా ఉంటుందని చెప్పి ఊరుకోవడం పరిపాటి. ఆ వెచ్చదనానికి కారణం బకెట్ బ్రిగేడ్ చిప్ పనితీరులో ఉంది. ఆ చిప్ సంకేతాన్ని నమూనాలుగా తీసి, ఒక గది నుంచి మరో గదికి క్లాక్ లయలో చేరవేస్తుంది. ఎక్కువ ఆలస్యం కావాలంటే క్లాక్ నెమ్మదించాలి. ఉదాహరణకు 4096 అంచెల ఎంఎన్3005 చిప్‌తో 300 మిల్లీసెకన్లు రావాలంటే క్లాక్ సుమారు 6.8 కిలోహెర్ట్జ్‌కు దిగాలి. అందులో సగం, అంటే 3.4 కిలోహెర్ట్జ్ పైనున్న దాన్నంతా ఫిల్టర్ చేయకపోతే వికృత ధ్వనులు పుడతాయి. అందుకే ప్రతిధ్వనులు మసకగా ఉంటాయి. ఆ మసక వల్లే అవి అసలు స్వరం వెనక ఒదిగి ఉంటాయి. కార్బన్ కాపీని ఆన్ చేసి మరిచిపోవచ్చు, ఎంత ఎక్కువ కలిపినా పాటకు అడ్డురాదు.

కానీ దాని గరిష్ఠ ఆలస్యం 600 మిల్లీసెకన్లు, డీడీ-3కి 800. నిమిషానికి 80 తాళపు దెబ్బల వేగంలో ఒక దెబ్బ నిడివి 750 మిల్లీసెకన్లు కాబట్టి, ఆ పాటలో దెబ్బకొక ప్రతిధ్వని కావాలంటే కార్బన్ కాపీ అందుకోలేదు, డీడీ-3 అందుకుంటుంది. అదే పాటలో ముప్పావు దెబ్బ చాలనుకుంటే 562 మిల్లీసెకన్ల దగ్గర రెండూ పనికొస్తాయి. ప్రతిధ్వని లయలో భాగమై, ప్రతి మీటూ స్పష్టంగా వినిపించాల్సిన చోట డిజిటలే సరైనది. నేను నిదానమైన పాటలు ఎక్కువగా వాయిస్తాను కనుక బోర్డు మీద డీడీ-3 మిగిలింది, కార్బన్ కాపీ ఇంట్లో వాయించుకునేటప్పుడు బయటికి వస్తుంది. ధ్వనిలో నాకు ఎక్కువ నచ్చింది మాత్రం కార్బన్ కాపీయే.

ఇక అందరూ చివరికి వదిలేసే విషయం విద్యుత్తు. నా లెక్కలో మరో పెడల్ కంటే ముందు కొనవలసింది విడివిడి అవుట్‌పుట్లున్న పవర్ సప్లై. ఒకే అడాప్టర్ నుంచి గొలుసు కేబుల్‌తో అన్నిటికీ 9 వోల్టులు ఇస్తే అనలాగ్ డ్రైవ్‌ల వరకు ఇబ్బంది ఉండదు, అవి ఒక్కొక్కటి 10 మిల్లీ ఆంపియర్లు కూడా తీసుకోవు. ఆ గొలుసులో డిజిటల్ డిలేను కలపగానే దాని క్లాక్ నుంచి పుట్టే సన్నని కూత డ్రైవ్ పెడళ్లలోకి చేరి, అక్కడ అనేక రెట్లు పెరిగి వినిపించవచ్చు. డిజిటల్ డిలేలు 50 నుంచి 70 మిల్లీ ఆంపియర్ల వరకు, పెద్ద రివర్బ్ యంత్రాలు 300 వరకు కోరుతాయి కనుక ప్రతి అవుట్‌పుట్ సామర్థ్యాన్నీ చూసుకోవాలి. పాత తరహా పీఎన్‌పీ జర్మేనియం ఫజ్‌లకు ధ్రువాలు తలకిందులుగా ఉంటాయి. వాటిని గొలుసులో కలిపితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది, విడి అవుట్‌పుట్ లేదా బ్యాటరీ తప్పనిసరి. బ్యాటరీ వాడేవారు ఇన్‌పుట్ జాక్‌లో ప్లగ్ ఉన్నంతసేపూ, పెడల్ ఆపి ఉన్నా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుందని గుర్తుంచుకుని రాత్రికి కేబుల్ పీకేయాలి.

దీర్ఘకాలంలో నాకు ఎదురైన చెడిపోవడాల్లో సర్క్యూట్ పాత్ర తక్కువ, యాంత్రిక భాగాల పాత్ర ఎక్కువ. ఇన్‌పుట్ జాక్‌ను నేరుగా సర్క్యూట్ బోర్డుకు అతికించి, పైడబ్బాకు నట్టు బిగించని ఒక పెడల్‌లో, కేబుల్ లాగిన ప్రతిసారీ బరువు అతుకు మీద పడి చివరికి అది వదులైంది. ఇప్పుడు కొత్త పెడల్ చూసినప్పుడు ముందు జాక్ బిగింపు చూస్తాను. జాక్‌లు పక్కనున్నాయా పైనున్నాయా అన్నది కూడా చిన్న విషయం కాదు. పక్క జాక్‌లున్న రెండు పెడళ్ల మధ్య ప్లగ్‌ల కోసం వదిలే జాగా, ఐదారు పెడళ్లు చేరేసరికి మరో పెడల్ పట్టేంత అవుతుంది.

ఆ లెక్కన పై జాక్‌ల పెడళ్లకు మారి మిగుల్చుకున్న ఒక జాగా ప్రస్తుతం నా బోర్డు మీద ఉంది. అక్కడికి రెండో ఓవర్‌డ్రైవ్ కంటే బాస్ జీఈ-7 ఈక్వలైజర్‌నే తేవాలని మొగ్గుతున్నాను. దానిలోని ఏడు మీటల్లో 800 హెర్ట్జ్ దాన్ని పైకి నెట్టి, 100, 200 హెర్ట్జ్ మీటలను కొంచెం దించితే, ట్యూబ్ స్క్రీమర్ చేసే మిడ్ పనిలో చాలా భాగం అదనపు డ్రైవ్ లేకుండానే జరుగుతుంది. బిగ్ మఫ్ వెనక ఆ పని చేయగలిగితే ట్యూబ్ స్క్రీమర్ యాంప్లిఫయర్‌ను నెట్టే పనికి పూర్తిగా ఖాళీ అవుతుంది. అయితే మఫ్ వంటి అధిక గెయిన్ పెడల్ తర్వాత మీటలను పైకి నెడితే నేపథ్యపు హిస్ కూడా వాటితోపాటే పెరుగుతుంది. ఆ హిస్ ఏ మేరకు భరించదగినదో గదిలో కాక, డ్రమ్స్ పక్కన పెట్టి విన్నాకే నిర్ణయిస్తాను.