ట్రైలర్ వైరింగ్: అతుకు చాలా, మొత్తం మార్చాలా?

లైటు వెలగని చోట తీగ తొడుగు ఒలిచి చూడండి. రాగి మెరుస్తుంటే అతుకు చాలు, అరగంట పని. నల్లబడి ఉన్నా, పచ్చగా చిలుము పట్టినా మరో అడుగు వెనక్కి కోసి చూడాలి. అక్కడా అంతేనంటే నీళ్లు తొడుగు లోపల పోగుల వెంట పాకాయి. అలాంటి తీగకు ఎంత మంచి అతుకు వేసినా నిలవదు. మొత్తం తీసేయడమే మేలు.

మీటర్ 12 వోల్టులు చూపించిందని మోసపోకండి. ఒక్క పోగు మిగిలినా అంతే చూపిస్తుంది. బల్బు తగిలించి, స్విచ్ వేసి కొలవాలి.

అతుక్కి సోల్డరింగ్ కంటే క్రింపింగ్ (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడం) మేలు. సీసం పోగుల్లోకి పీల్చుకుని తీగ బిరుసెక్కుతుంది, కుదుపులకు సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది. లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేస్తే నీరు చేరదు. తొడుగును కోసి కరుచుకునే క్లిప్పులు మాత్రం ఆరుబయట వాడొద్దు. ఆ కోత గుండానే తడి దిగుతుంది.

అసలు తగాదా ఎర్త్‌ది, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారిది. ట్రైలర్ ఫ్రేమ్‌నే ఎర్త్‌గా వాడితే తీగ మిగులుతుంది గానీ, తుప్పూ రంగూ అడ్డుపడతాయి. ట్రైలర్ తగిలించే కొక్కెం మీద గ్రీజు ఉంటుంది కాబట్టి దాన్నీ నమ్మలేం. ఇండికేటర్ వేసి బ్రేకు తొక్కితే వేరే లైట్లు మినుకుమంటున్నాయా? దాదాపు ఖాయంగా ఎర్త్ లోపమే. దారి దొరకని కరెంటు పక్క బల్బు ఫిలమెంట్ గుండా వెనక్కి పోతోంది. ప్రతి దీపానికీ విడి ఎర్త్ తీగ లాగి ప్లగ్గు దాకా తేవడం ఎప్పుడైనా మేలే. 21 వాట్ల బల్బు ఒక్కటే 1.75 ఆంపియర్లు లాగుతుంది, అన్నిటి కరెంటూ తిరిగొచ్చేది ఎర్త్ మీదుగానే. అందుకే మిగతావి 1.5 స్క్వేర్ ఎంఎం అయితే అవన్నీ కలిసి ప్లగ్గుకు చేరే ఉమ్మడి ఎర్త్ 2.5 ఉండాలి.

మొత్తం మార్చేటప్పుడు పాత తీగ కొసకు కొత్తది కట్టి లాగితే పైపులోంచి తేలిగ్గా వస్తుంది. రంగుల్ని నమ్మొద్దు, పిన్ను నంబరే చూడండి. 12ఎన్ రకం 7 పిన్నుల ప్లగ్గులో 1 ఎడమ ఇండికేటర్, 4 కుడిది, 3 ఎర్త్, 6 బ్రేకు, 5 కుడి పార్కింగ్, 7 ఎడమ పార్కింగ్, 2 వెనక ఫాగ్ లైటు. ఇనుప రంధ్రాల్లో అంచుకు తీగ కోసుకోకుండా రబ్బరు గ్రామెట్లు (వలయాలు) పెట్టండి. కొక్కెం దగ్గర తీగ పూర్తి మలుపులోనూ బిగుసుకోకూడదు, నేలకూ రాసుకోకూడదు.

చివర్లో అన్ని లైట్లూ వేసి దీపం ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే ముందు ప్లగ్గు విప్పి చూడండి.